రాట్నం ఫొటోలో నూలు లేదు

సంపాదకులు గారికి,

నమస్కారాలు. అక్టోబరు 3వ తేదీన మీ పత్రిక జిల్లా పేజీలో, గాంధీ జయంతి సభకు సంబంధించి, వేదిక మీద నలుగురు పెద్దలు రాట్నాల ముందు కూర్చున్న ఫొటో ఒకటి వేశారు. ముప్పై రెండేళ్లు ఉన్నత పాఠశాలలో పిల్లలకు బొమ్మలు గీయడం నేర్పినవాడిని కావడంతో, ఏ ఫొటోనైనా అందరికంటే కాస్త ఎక్కువసేపు చూసే అలవాటు నాకు మిగిలిపోయింది. ఆ నాలుగు రాట్నాల్లో మూడింటి కదుళ్లకు, అంటే దారం చుట్టుకునే సన్నటి పుల్లలకు, నూలు లేదు. నాలుగోదానికి ఉన్నది కుట్టుమిషను దారంలాగా కనిపించింది. ఏకు, అంటే వడకడానికి సిద్ధం చేసిన దూది చుట్ట, ఎవరి చేతిలోనూ లేదు. చక్రం మీద చేయి వేసి, కెమెరా వైపు చూసి నవ్వడమే ఆ నిమిషానికి నూలు వడకడం అయింది.

ఎవరినో తప్పుపట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఏడాదికి ఒక రోజు రాట్నాన్ని బీరువాలోంచి తీసి, దుమ్ము దులిపి, దండ వేసి మళ్లీ బీరువాలో పెట్టడం మనందరం కలిసి అలవాటు చేసుకున్న పద్ధతే. అయితే ఆ ఫొటో అచ్చయిన రోజునే, దానితో ఏ సంబంధమూ లేకుండా, నేను మా ఇంటి వసారాలో నాలుగు గంటలు నూలు వడికాను, మధ్యాహ్నం కొన్ని బొమ్మలు గీశాను, సాయంత్రం మా ఊరి చెరువు గట్టు మీద కూర్చున్నాను. ఆ రోజు ఎలా గడిచిందో చెప్పి, దాని ఆధారంగా మన బడులకు ఒక చిన్న సూచన చేయాలన్నదే నా ఉద్దేశం. ఉత్తరం కాస్త పొడుగైతే మన్నించండి. నూలు గురించి రాసేటప్పుడు క్లుప్తంగా తెంచేయడం కష్టం.

ముందు రాత్రి వాన పడింది. నూలు వడికేవారికి అలాంటి ఉదయం కలిసొస్తుంది. గాలిలో తేమ ఉంటే పత్తి పోగు మెత్తగా సాగుతుంది. పడమటి గాడ్పు తోలే రోజుల్లో అదే పోగు పుటుక్కున తెగుతుంది. నా దగ్గర ఉన్నది పెట్టె రాట్నం, అంటే 1930ల మొదట్లో ఎరవాడ జైలులో గాంధీజీ మెరుగులు దిద్దుకున్న, సూట్‌కేసులా మూసి చేతపట్టుకుని పోగల రకం. ఉద్యోగ విరమణ తర్వాత కొన్నాను. మొదట మందుల దుకాణంలో దూది కట్ట తెచ్చి వడకబోయి రెండు వారాలు వృథా చేసుకున్నాను. పత్తి పోగుకు సహజంగా ఉండే మైనపు పూతను, నూనెను తీసేసి, రక్తాన్నీ మందునూ పీల్చుకునేలా దాన్ని తయారు చేస్తారని, ఆ పూత పోయాక పోగులు ఒకదాని మీద ఒకటి జారడం మానేసి ఉండ కడతాయని తర్వాత తెలిసింది. గాయానికి పనికొచ్చే దూది కదురుకు పనికిరాదు. ఈ మాట ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేదనుకున్నాను గాని, మా వీధిలో చెప్పగలిగేవారు ఎవరూ మిగల్లేదు.

వడకడం చూడడానికి ఎంత తేలికో, చేతికి అంత తేలిక కాదు. కుడిచేయి చక్రం తిప్పుతుంటే ఎడమచేయి ఏకును వెనక్కి లాగుతూ పోవాలి. కదురు మొనమీద నుంచి దారం వాలుగా ఉన్నంతసేపు దానికి పురి ఎక్కుతుంది. బారెడు దారం వచ్చాక చక్రాన్ని పిసరంత వెనక్కి తిప్పి, మొన దగ్గరి చుట్లు విప్పి, దారాన్ని కదురుకు అడ్డంగా తెచ్చి చుట్టాలి. చెయ్యవలసినది ఇంతే. కాని లాగే వేగం, పురి ఎక్కే వేగం ఒకదానితో ఒకటి రాజీ పడాలి. లాగడం ఎక్కువైతే దారం సన్నబడి తెగుతుంది, పురి ఎక్కువైతే మెలికలు పడి ముడుచుకుంటుంది. మొదటి గంటలో నాకు పంతొమ్మిదిసార్లు తెగింది. తెగిన ప్రతిసారీ రెండు కొసలనూ కాస్త పురి విప్పి, ఒకదాని మీద ఒకటి పెట్టి, వేళ్ల మధ్య అతకాలి. రెండో గంటకు తెగడం ఏడుసార్లకు తగ్గింది. మూడో గంటలో లెక్కపెట్టడం మర్చిపోయాను. ఆ మరపు కోసమే నేను రాట్నం ముందు కూర్చుంటానేమో.

పన్నెండు గంటలకు లేచి, వడికినదాన్ని చట్రానికి చుట్టి చిలప, అంటే నూలు కట్ట, కట్టాను. చుట్టుకు నాలుగు అడుగుల చొప్పున 320 చుట్లు వచ్చాయి. అంటే 1280 అడుగులు, సుమారు 390 మీటర్లు. ఖాదీవారి పాత లెక్కలో 640 చుట్లు ఒక గుండీ కాబట్టి, నాది అరగుండీ. మా వీధి చివర బంగారు పని చేసే మిత్రుడి త్రాసు మీద తూపిస్తే 16 గ్రాములు తూగింది. ఒక పౌండు, అంటే సుమారు 454 గ్రాముల, బరువులో 840 గజాల చిలపలు ఎన్ని వస్తాయో అదే ఆ నూలు కౌంటు. ఆ లెక్కన నా నూలు పద్నాలుగో కౌంటు. దుప్పటికి పనికొస్తుంది, పంచెకు పనికిరాదు.

ఈ పద్నాలుగు అనే అంకె విలువ తెలియాలంటే మా జిల్లాలోనే ఉన్న పొందూరు వెళ్లాలి. అక్కడి ఆడవాళ్లు ఒంటి కదురు రాట్నం మీద నూరో కౌంటు, ఇంకా పైన కూడా వడుకుతారు. నూరో కౌంటు అంటే ఒక్క గ్రాము పత్తిలోంచి 169 మీటర్ల దారం. నా గ్రాములో 24 మీటర్లే ఉన్నాయి. అంటే నా దారం మందంలో ఏడు పోగులు వాళ్లు తీస్తారు. పైగా నాకు పట్టణం నుంచి సిద్ధంగా ఏకులు వస్తాయి. వారు కొండపత్తి, ఎర్రపత్తి కాయలోంచి తీసిన దగ్గర నుంచి మొత్తం చేతితో చేస్తారు. గింజ ఇంకా అంటుకుని ఉండగానే పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ దవడలో పలువరుస సన్నటి దువ్వెనకంటే సన్నగా, దగ్గర దగ్గరగా ఉంటుంది; చెత్త, పొట్టి పోగులు దానికి చిక్కుకుని, పొడుగు పోగులు వరుసగా సాగుతాయి. తర్వాత చెక్క మీద పత్తి వేసి ఇనుప పుల్లతో దొర్లించి గింజను వేరు చేయడం, చిన్న వింటినారితో దూదిని ఏకడం, ఏకులు చుట్టి ఎండిన అరటి దొప్పలో పెట్టుకోవడం. వడకడం వీటన్నిటి తర్వాత. నదిలో ఈదిన చేప పళ్లు, కొండవాలు మీద పండిన పత్తి, అరటితోటలోని దొప్ప ఒక ఇంటి వసారాలో కలుసుకుంటాయి. ఇనుప దువ్వెనతో ఈ పని ఎందుకు చేయరని ఒకసారి అడిగాను. పోగు తెగుతుందన్నారు.

రెండేళ్ల కిందట పొందూరులో ఒక పెద్దావిడ పక్కన ఒక పూట కూర్చున్నాను. వయసు డెబ్బై దాటి ఉంటుంది. నేను ఆవిడ రాట్నం మీద ప్రయత్నించి మూడుసార్లు తెంపాను. ఆవిడ కోప్పడలేదు. "నాగీకండి మాస్టారూ! దానంతటది వొచ్చినంతే రానియ్యండి" అని, అంటే లాగొద్దని, నా మణికట్టు పట్టుకుని ఆపింది. నలభై ఏళ్లుగా పెన్సిలు పట్టిన చేతికి అంత సూటిగా ఎవరూ పాఠం చెప్పలేదు. గీత కూడా అంతే. లాగితే అది బిగుసుకుపోతుంది.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. నాకు నూలు వడకడం విశ్రాంతి. పింఛను ఒకటో తేదీన ఖాతాలో పడుతుంది; పంతొమ్మిదిసార్లు దారం తెగినా నా వంటింట్లో పొయ్యి వెలుగుతుంది. ఆ పెద్దావిడకు అది కూలి. దారం తెగితే గుండీ తగ్గుతుంది, గుండీ తగ్గితే డబ్బు తగ్గుతుంది. కదురూ కవ్వమూ ఆడే ఇంట కరువుండదని సామెత. ఆవిడ ఇంట కదురు ఆడుతూనే ఉంది. ఆవిడ మనవరాలు మాత్రం ఆ పని వైపు తొంగి చూడనంటోంది. ఆ పిల్లను తప్పుపట్టే హక్కు నాకు లేదు. దుకాణంలో చేనూలు పంచె ధర చూసి "ఇంతా!" అని వెనక్కి మడిచి పెట్టేసే మనకు ఎవరికీ లేదు. అందుచేత రాట్నం గురించి మాట్లాడేటప్పుడు ప్రశాంతత, ధ్యానం అన్న మాటలు నేను కొంచెం భయంగానే వాడతాను. అవి నిజమే గాని, కడుపు నిండినవాడి నిజాలు.

మధ్యాహ్నం భోజనం తర్వాత కునుకు తీయకుండా బొమ్మల పుస్తకం తీశాను. వసారాలో రాట్నం అలాగే ఉంది. యంత్రాన్ని గీయడం తేలిక. దాని చక్రాలు, కదురు, తాడు కొలతలకు లొంగుతాయి. వడికే చేతిని గీయడమే చిక్కు. అది ఒక చోట ఆగదు, ఆపి గీస్తే వడికే చేయిలా ఉండదు. అద్దం ఎదురుగా పెట్టుకుని, ఎడమచేత్తో ఏకు లాగుతున్నట్టు పట్టి, కుడిచేత్తో గీశాను. బొటనవేలు, చూపుడువేలు ఏకును పట్టుకోవు, ఆనుకుని ఉంటాయి. పిచ్చుకపిల్లను పట్టుకున్నంత మాత్రమే బిగువు. ఈ సంగతి నాలుగు గంటలు వడికినప్పుడు నా వేళ్లకు తెలిసింది గాని నాకు తెలియలేదు, గీయబోతే తెలిసింది. నాలుగు కాగితాలు చించాక ఐదోదానిలో ఆ ఆనుకోవడం కాస్త వచ్చింది.

రాజమహేంద్రవరంలో దామెర్ల రామారావు గారి చిత్రశాల చూడని డ్రాయింగు మాస్టార్లు మా తరంలో తక్కువ. 1897లో పుట్టి 1925లో, ఇరవై ఎనిమిదేళ్లయినా నిండకుండా పోయిన మనిషి అంత పని ఎలా చేశాడని అక్కడ నిలబడి ఆశ్చర్యపోయేవాళ్లం. పక్కనే గోదావరి ఉండగా బొమ్మ కోసం దూరం పోనక్కర్లేదని ఆయన చిత్రాలు చూసి నేను నేర్చుకున్నాను. అలాగే 1938లో హరిపుర కాంగ్రెసు కోసం గాంధీజీ కోరిక మీద నందలాల్ బోస్ గీసిన చిత్రాల్లో దేవుళ్లూ నాయకులూ కాదు, చేతిపనులు చేసుకునే పల్లె జనం కనిపిస్తారు. సభకు వచ్చే జనం తమ పనిని తామే గోడమీద చూసుకోవాలన్న ఆలోచన అది. ఇప్పటి సభల్లో మన గోడల మీద ఏం కనిపిస్తోందో మీ పాఠకులకు నేను చెప్పనక్కర్లేదు.

సాయంత్రం నాలుగున్నరకు చెరువు గట్టుకు వెళ్లాను. అక్టోబరులో మా వైపు నాగావళి ఒడ్డున, చెరువు గట్ల మీద రెల్లు పూస్తుంది. దూరం నుంచి చూస్తే గట్టంతా ఏకులు నిలబెట్టినట్టు ఉంటుంది. వెలుతురు వెనకనుంచి వచ్చినప్పుడు ఆ తెలుపును తెల్ల కాగితం మీద ఎలా చూపించాలన్నది ప్రతి ఏడూ నన్ను ఓడించే లెక్క. చుట్టూ ఉన్న నీడను గీసి పువ్వును ఖాళీగా వదిలేయడం తప్ప మార్గం లేదు. ఈ ఏడు కూడా సగమే వచ్చింది.

గట్టు మీద రెండు తాటిచెట్లకు గిజిగాళ్ల గూళ్లు వేలాడుతున్నాయి. గుడ్లు పెట్టే కాలం దాదాపు అయిపోయింది; చాలావరకు ఖాళీ గూళ్లే. గడ్డిపోచలు, తాటాకు చీలికలు ముక్కుతో తెచ్చి మగపిట్ట అల్లుతుంది. సగం గూడు తలపాగాలా తయారైనప్పుడు ఆడపిట్ట వచ్చి చూసి, నచ్చితేనే మగపిట్ట మిగతా సగం, కిందికి వేలాడే సొరంగంతో సహా పూర్తి చేస్తుంది. నచ్చకపోతే ఆ సగం గూడు అలాగే ఊగుతూ ఉండిపోతుంది. మా తాటిచెట్టుకు అలాంటి తిరస్కారాలు ఐదు ఉన్నాయి. గూడు బొమ్మ గీస్తే పోచ ఎక్కడ మొదలై ఎక్కడ ముడిపడిందో కన్ను వెతకక తప్పదు. ఊరికే చూస్తే అది గడ్డి ముద్ద. ఈ పక్షికి రాట్నం లేదు, వడకదు, నేత మాత్రమే వచ్చు. పోచకు పురి పెట్టకుండానే ముడులు వేసి నిలబెట్టగలదు. మనకు ఆ విద్య లేదు కాబట్టే కదురు కావలసి వచ్చింది.

నేను గీస్తుంటే ఎప్పటిలాగే పిల్లలు చేరారు. వాళ్లలో ఆరో తరగతి చదివే అమ్మాయి ఒకతె ఉదయం మా వసారాలో రాట్నం చూసి వెళ్లింది. ఇప్పుడు గుప్పెట్లో ఏదో దాచుకుని వచ్చింది. ఇంట్లో పాత దిండు కుట్టు విప్పి బూరుగు దూది తెచ్చింది! "తాతగారూ, దీంతో నూలు రాదా?" అని అడిగింది. నా సంచిలో తకిలీ, అంటే చక్రం లేకుండా వేళ్లతో తిప్పే చిన్న కదురు, ఉంది. సైకిలు పుల్లకు కొబ్బరి చిప్ప బిళ్ల గుచ్చి నేనే చేసుకున్నది. వడికి చూడమని చేతికిచ్చాను. పదిసార్లు తిప్పింది. పదిసార్లూ పోగు జారి విడిపోయింది. తర్వాత నా ఏకు ముక్క ఇస్తే, లావుగానో వంకరగానో జానెడు దారం వచ్చింది. ఎందుకని అడిగింది. పత్తికాయ పగిలి ఎండేటప్పుడు పోగు చదునై రిబ్బనులా మెలి తిరుగుతుందని, సూక్ష్మదర్శినిలో చూస్తే ఆ మెలికలు కనిపిస్తాయని, ఆ మెలికలు ఒకదానికొకటి పట్టుకోవడం వల్లనే పురి నిలుస్తుందని, బూరుగు పోగు నున్నటి గొట్టంలా ఉండి పట్టు దొరకక జారిపోతుందని చెప్పాను. ఆ పిల్ల నా పెన్సిలు తీసుకుని, ఒకటి మెలికల రిబ్బను, ఒకటి నున్నటి గొట్టం, రెండు బొమ్మలు గట్టు మీద కూర్చునే గీసింది. ముప్పై రెండేళ్ల ఉద్యోగంలో ఒక్క పీరియడులో నేను ఇంత చెప్పగలిగిన రోజు గుర్తు లేదు. దిండు చింపినందుకు ఇంట్లో ఆ పిల్లకు ఏం జరిగిందో మాత్రం తెలియదు. వాళ్లమ్మగారికి ఈ పత్రికాముఖంగా క్షమాపణలు.

ఇప్పుడు నా సూచన. 2020 జాతీయ విద్యా విధానంలో, 6 నుంచి 8 తరగతుల పిల్లలకు పది రోజులు బడి సంచి లేకుండా, స్థానికంగా ఉండే వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరులు, కళాకారుల దగ్గర పని నేర్చుకునే వీలు ఉండాలని రాశారు. ఆ పది రోజుల్లో ఒక్క రోజు నూలుకు ఇవ్వమని అడుగుతున్నాను. పొద్దున తకిలీ, మధ్యాహ్నం పెన్సిలు, సాయంత్రం ఊరి చెరువో, ఏరో, చింతతోపో. వక్తలు వద్దు, ఫొటోలు వద్దు, పోటీలు వద్దు, ప్రశంసాపత్రాలు అసలే వద్దు. నేర్పడానికి నాలాంటి పింఛనుదారు కాదు, పొందూరు వంటి చోట నిజంగా వడికే ఆవిడ రావాలి. ఆవిడకు ఆ రోజుకు కూలి కాదు, ఉపాధ్యాయురాలికి ఇచ్చే గౌరవ వేతనం ఇవ్వాలి, కుర్చీ వేయాలి, 'టీచరు గారూ' అని పిలవాలి. జిల్లాలో నూరు బడులు ఏడాదికి ఒక్కొక్క రోజు పిలిచినా, కొందరు నూలువారి సంపాదనలో అది లెక్కకు వచ్చే భాగమవుతుంది. ఆవిడ మనవరాలు అప్పుడు ఆ పని వైపు తొంగి చూస్తుందో లేదో చెప్పలేను. నాయనమ్మను బళ్లో కుర్చీ మీద చూస్తుంది.

ఖర్చు పెద్దది కాదు. తకిలీకి సైకిలు దుకాణంలో పారేసే విరిగిన పుల్ల, కొబ్బరి చిప్ప చాలు. పిల్లకు పది గ్రాముల ఏకులు సరిపోతాయి. కాగితం, పెన్సిలు ఎలాగూ ఉంటాయి. చెరువు ఉచితం, మిగిలి ఉన్న ఊళ్లలో.

ఇది కొత్త ఆలోచన కాదని, ఒకసారి చేసి చూసి వదిలేసినదేనని కొందరు అంటారు. నిజమే. 1937లో వార్ధాలో జరిగిన విద్యా సదస్సు, జాకిర్ హుస్సేన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం చేతిపనిని చదువుకు నడుమ నిలబెట్టాలన్నాయి. 1960లలో నేను చదివిన ప్రాథమిక పాఠశాలకు అది చేరేసరికి, వారానికి రెండు క్రాఫ్టు పీరియడ్లుగా మిగిలింది. పురుగు తిన్న పత్తి, వంకర తకిలీలు, ఇన్ని గజాలు రాకపోతే బెత్తం దెబ్బలు. వడకడం రాని మాస్టారు వడకమనేవారు. పుస్తకంలో ఎంత చల్లగా కనిపించిన ఏకు అయినా బడిలో మేకై కూర్చుంది. కొందరు కుర్రాళ్లు దుకాణంలో నూలు ఉండ కొనుక్కొచ్చి అప్పగించేవారు. నేనూ ఒకసారి ఆ పని చేశాను. అంచేత నిర్బంధం వద్దంటున్నాను. 1924 డిసెంబరులో బెల్గాం కాంగ్రెసు, సభ్యులు నెలకు 2000 గజాల నూలు ఇవ్వాలని నియమం పెట్టింది. ఆ నియమం ఏడాదైనా నిలవలేదు. నా వేగంతో లెక్కవేస్తే అది నెలకు పంతొమ్మిది గంటల పని. దేశం కోసం జైలుకు పోవడానికి సిద్ధపడ్డ పెద్దలకే ఆ పంతొమ్మిది గంటలు కష్టమయ్యాయి. పదకొండేళ్ల పిల్లల మీద గజాల లెక్క పెట్టడం అన్యాయం. ఒక జానెడు దారం వచ్చినా చాలు, రాకపోయినా ఫరవాలేదు.

ఇంకొందరు, ఈ రోజుల్లో నూలు వడకడం నేర్చుకుని పిల్లలు ఏం చేస్తారంటారు. బహుశా ఏమీ చేయరు. మా ఇంట్లో మా అమ్మ కార్తీక పున్నమికి 365 ఒత్తుల కట్ట తనే చేసేది. వేళ్లకు విభూతి అద్దుకుని, మోకాలి మీద దూది సాగదీసి ఒత్తి చుట్టేది. పక్కింటి పురోహితులు జంధ్యానికి నూలు తకిలీ మీద వడుక్కునేవారు. వాళ్లెవరూ దాన్ని కళ అనలేదు, ధ్యానం అనలేదు, చేతికి వచ్చిన పని అన్నారు. ఇప్పుడు ఒత్తులూ జంధ్యాలూ పొట్లాల్లో వస్తున్నాయి. అందులో తప్పేమీ లేదు గాని, తన ఒంటి మీద బట్ట పోగు ఎలా నిలబడిందో తెలియని తరం ఒకటి తయారవడం, వస్త్రానికి ఇంత పేరున్న మన నేలకు వింతగానే ఉంది. 1921లో బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెసు సంఘ సమావేశం ఇరవై లక్షల రాట్నాలు తిప్పించాలని తీర్మానించింది. పింగళి వెంకయ్య గారు గాంధీజీకి జెండా నమూనా చూపించింది అక్కడే; ఆ తొలి జెండాలో రాట్నం ఉండేది. చేత వడికి చేత నేసిన బట్టతోనే జెండా ఉండాలన్న నిబంధన 2021 డిసెంబరు చివరిదాకా ఉండి, అప్పటి సవరణతో మిల్లు బట్టకు, పాలిస్టరుకు కూడా అనుమతి వచ్చింది. బెజవాడ సమావేశానికి నూరేళ్లు నిండిన ఏడాదే అది జరిగింది. జెండా చవకగా దొరకాలన్న వాదన నాకు అర్థమవుతుంది. అర్థమైనంత మాత్రాన మింగుడు పడదు.

చివరిగా మీ పత్రికకు ఒక విన్నపం. ఆదివారం మీ పిల్లల పేజీలో రంగులు నింపమని విదేశీ కార్టూను బొమ్మల గీతలు ఇస్తున్నారు. ఎవరో గీసిన గీత దాటకుండా రంగు వేయడం పిల్లలకు మేమే నేర్పి పాడుచేశాం, మీరైనా మానండి. ఆ చోట నెలకు ఒకసారి, సైకిలు పుల్లతో తకిలీ చేసుకునే విధానం, మీ ఊరి గిజిగాడి గూడు చూసి గీసి పంపండి అనే ఒక్క వాక్యం, వచ్చిన బొమ్మల్లో నాలుగు అచ్చు వేయండి. బాగున్నవే వేయనక్కర్లేదు, చూసి గీసినవి వేయండి. చూసి గీసినదానికీ ఊహించి గీసినదానికీ తేడా గుర్తుపట్టడం మీకు కష్టమైతే, నాకు పంపితే చెప్పగలను, జీతం అక్కర్లేదు.

వచ్చే అక్టోబరు 2న కూడా మీ విలేకరి సభకు వెళ్తారు. వెళ్లినప్పుడు వేదిక మీద ఉన్న రాట్నం కదురుకు నూలు ఉందో లేదో ఒక్కసారి చూసి, ఉంటేనే ఫొటో తీయమని చెప్పండి.

ఈ ఉత్తరంతో పాటు 3వ తేదీన నేను వడికిన అరగుండీ చిలప, చంద్రుడికో నూలుపోగు అన్నట్టుగా, మీకు పంపుతున్నాను. మధ్యలో ఒకచోట నూలు ఉన్నట్టుండి లావెక్కి వంకర పోయి ఉంటుంది. ఆ జానెడు నాది కాదు, బూరుగు దూది తెచ్చిన అమ్మాయిది. చెరువు గట్టు మీద వడికిన ఆ ముక్కను ఇంటికి తెచ్చి, నా చిలప తెంచి మధ్యలో అతికాను. అతుకు ఎక్కడుందో కనిపిస్తుంది.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత డ్రాయింగు ఉపాధ్యాయుడు,
శ్రీకాకుళం జిల్లా.